"వేరుచేయువాడెవడు?" : కన్నాట్ రేంజర్స్ పటాలము, 1920 పంజాబు తిరుగుబాటు

రోమీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయము 35వ వచనంలో అపొస్తలుడైన పౌలు ఒక ప్రశ్న వేస్తాడు. క్రీస్తు ప్రేమ నుండి విశ్వాసిని వేరుచేయగలవాడు ఎవడన్నది ఆ ప్రశ్న సారాంశం. లాటిను బైబిలులోని ఆ ప్రశ్న నుండి రెండే మాటలు తీసుకొని, "క్విస్ సెపరాబిట్", అనగా "వేరుచేయువాడెవడు?" అని, 1783లో మూడవ జార్జి రాజు ఐర్లండులో నెలకొల్పిన సెయింట్ పాట్రిక్ గౌరవ శ్రేణికి ధ్యేయవాక్యంగా పెట్టారు. క్రీస్తు ప్రేమ అన్న మాట అందులో లేదు. దేని నుండి వేరుచేయడమో చెప్పకుండా వదిలిన ఆ ఖాళీలో పాఠకుడు ఇంగ్లండు కిరీటాన్ని ఉంచి చదువుకోవాలని ఉద్దేశం. తరువాతి కాలంలో ఈ రెండు మాటలు కొన్ని ఐరిష్ పటాలాల చిహ్నాలపైకి ఎక్కాయి. వాటిలో ఒకటి కన్నాట్ రేంజర్స్.

ఈ పటాలపు పూర్తి చరిత్ర వ్రాయడం మా ఉద్దేశం కాదు. 129 సంవత్సరాల పాటు దేశదేశాలలో బ్రిటిష్ రాజు కొరకు పోరాడిన ఈ పటాలములోని కొందరు సిపాయిలు, 1920 వేసవిలో మన పంజాబులో, ఇక పనిచేయమని ఆయుధాలు దించారు. వారిలో ఒకరిని కాల్చి చంపారు. ఆ ఖాళీని వారు మరొక విధంగా పూరించారని మేము భావిస్తున్నాము. దానిని అర్థం చేసుకొనుటకు అవసరమైనంత వరకే వెనుకటి చరిత్రలోనికి వెళ్తాము.

పటాలపు పుట్టుక

ఐర్లండుకు పడమటి దిక్కున ఉన్న కన్నాట్ ప్రాంతం రాళ్ళ భూమి, పేదరికం ఎక్కువ. జనంలో అత్యధికులు రోమన్ కథోలికులు, భూస్వాములలో అధికులు ప్రొటెస్టెంట్లు. 1793 సెప్టెంబరులో జాన్ థామస్ డి బర్గ్ అనే ప్రభువంశీయుడు ఇక్కడి యువకులను చేర్చుకొని 88వ పటాలాన్ని లేపాడు. మొదటినుండి దానికి కన్నాట్ రేంజర్స్ అన్న పేరుంది. అదే 1793లో ఐరిష్ పార్లమెంటు కథోలికులకు కొన్ని హక్కులిచ్చే చట్టం చేసింది. ఓటు హక్కు వచ్చింది, సైన్యంలో కొంత హోదా వరకు అధికారులయ్యే వీలు కలిగింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఫ్రాన్సుతో యుద్ధం మొదలైనదన్న సంగతిని మరువరాదు. శతాబ్దం పాటు కథోలికుని చేతికి తుపాకి ఇచ్చుటకు జంకిన ప్రభుత్వానికి మనుషులు కావలసి వచ్చారు. మతసహన చరిత్రలో ఈ చట్టాన్ని ఒక మెట్టుగా చెబుతారు. కాదనము. కాని ఆ మెట్టు ఎక్కించినది యుద్ధావసరమన్న మాట కూడ చేర్చవలసి ఉంటుంది.

1830 నాటికి బ్రిటిష్ సైన్యంలోని సిపాయిలలో నూటికి 42 మంది ఐరిష్ వారు. రాజ్యపు జనాభాలో ఐర్లండు వాటా సుమారు మూడవ వంతే. ఈస్టిండియా కంపెనీ తెల్ల పటాలాలలోనూ వారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. దేశభక్తి వీరిని సైన్యంలోనికి తెచ్చిందని ఎవరూ అనలేరు. అన్నం తెచ్చింది. ఆదివారం వచ్చేసరికి కథోలిక సిపాయి కూడ వరుసలో నిలబడి ఆంగ్లికన్ ఆరాధనకు నడవవలసిన రోజులు చాలాకాలం ఉన్నాయి. కథోలిక గురువులకు సైన్యంలో క్రమమైన ఉద్యోగ హోదా దక్కింది 1850ల చివరలో, క్రిమియా యుద్ధం ముగిసిన తరువాతనే.

స్పెయిను, పోర్చుగల్ దేశాలలో నెపోలియన్ సేనలతో జరిగిన యుద్ధంలో ఈ పటాలం పేరు మ్రోగింది. 1810 సెప్టెంబరులో బుసాకో కొండ మీద చేసిన దాడి, 1812 ఏప్రిల్లో బడహోజ్ కోటను నిచ్చెనలతో ఎక్కడం సైనిక చరిత్రలో పదేపదే చెప్పబడే ఘట్టాలు. బడహోజ్ పట్టుబడిన తరువాత బ్రిటిష్ సేన ఆ ఊరిని దోచి స్త్రీలను చెరచిన సంగతిని మాత్రం పటాలాల చరిత్రలు తొందరగా దాటిపోతాయి. "సాతాను సొంత బిడ్డలు" అన్న అర్థం వచ్చే మారుపేరు కన్నాట్ వారికి ఈ యుద్ధంలోనే స్థిరపడింది. వారు దానిని బిరుదుగానే మోశారు. 1857 నవంబరులో వీరు కాన్పూరు పోరులో ఉన్నారు. అక్కడ ఎవరి తిరుగుబాటును అణచుటకు వచ్చారో వేరుగా చెప్పనక్కరలేదు.

1881లో 88వ, 94వ పటాలాలను కలిపి రెండు బెటాలియన్ల రెజిమెంటుగా చేశారు. దక్షిణాఫ్రికాలో 1899 డిసెంబరు 15న కొలెన్సో దగ్గర జరిగిన యుద్ధాన్ని ఇక్కడ ప్రత్యేకంగా పేర్కొనాలి. ఆ దినము బ్రిటిష్ పక్షాన కన్నాట్ రేంజర్స్ మొదటి బెటాలియన్ నది ఒడ్డున దెబ్బతిన్నది. ఎదుటి బోయర్ల పక్షాన జాన్ మాక్‌బ్రైడ్ నాయకత్వాన మరొక ఐరిష్ దళం ఉన్నది. మాక్‌బ్రైడ్ కన్నాట్‌లోని మేయో జిల్లావాడు. ఒకే ప్రాంతపు బిడ్డలు నదికి ఇరువైపుల నిలిచిన ఆ రోజున పటాలపు ధ్యేయవాక్యానికి ఎవరైనా జవాబు చెప్పగలిగి ఉండేవారా? 1916లో బ్రిటిష్ వారు ఈ మాక్‌బ్రైడ్‌ను డబ్లినులో కాల్చి చంపారు.

1914లో యుద్ధం వచ్చినప్పుడు మొదటి బెటాలియన్ మన ఫిరోజ్‌పూరులో ఉన్నది. లాహోరు డివిజనుతో, భారతీయ పటాలాల ప్రక్కనే, ఫ్రాన్సు కందకాలలోనికి వెళ్ళింది. అక్కడినుండి 1916లో మెసొపొటేమియా. టైగ్రిస్ నది వెంబడి కూట్ పట్టణంలో చిక్కుబడిన బ్రిటిష్ దండును విడిపించుటకు వెళ్ళిన సేనలో వీరున్నారు. విడిపించలేకపోయారు. 1916 ఏప్రిల్ 29న కూట్ లొంగిపోయింది. సరిగ్గా అదే రోజున డబ్లినులో ఈస్టరు తిరుగుబాటుదారులు కూడ లొంగిపోయారు. వారి నాయకులను రోజుకు కొందరి చొప్పున కాల్చి చంపిన వార్తలు ఐర్లండు మనసును మార్చివేశాయి. 1918 డిసెంబరు ఎన్నికలలో ఐర్లండుకున్న 105 స్థానాలలో 73 స్వాతంత్ర్యవాదులైన షిన్ ఫేన్ పక్షానికి వచ్చాయి. రాజు కొరకు యుద్ధానికి వెళ్ళిన సిపాయి తిరిగి వచ్చేసరికి తన ఊరు అతణ్ణి పంపిన ఊరు కాదు.

జలంధరు

యుద్ధం ముగిసిన తరువాత మొదటి బెటాలియన్ మళ్ళీ భారతదేశానికి వచ్చి జలంధరు కంటోన్మెంటులో దిగింది. కొంత భాగాన్ని సిమ్లా కొండల వైపు సోలనుకు, జుటోగ్‌కు పంపారు. ఈ జలంధరు ఏ ఊరో పాఠకులు గమనించాలి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ జలంధరు బ్రిగేడు అధిపతి. అక్కడినుండే అమృతసరుకు వెళ్ళాడు. అతడు కొంతకాలం చదువుకున్నది ఐర్లండులోని కార్క్ జిల్లాలో. అతణ్ణి సమర్థించిన పంజాబు గవర్నరు మైకేల్ ఓడ్వయ్యర్ టిప్పరరీ జిల్లా కథోలికుడు. సామ్రాజ్యంలో ఐరిష్ వాని స్థానాన్ని గూర్చి తేలికగా ఒక్కమాటలో తేల్చేవారికి ఈ ఒక్క ఊరే చాలు, తొందరపడవద్దని చెప్పుటకు.

1920 జూను నాటికి ఇంటినుండి వచ్చే ఉత్తరాలు సిపాయిలను కుదురుగా ఉండనివ్వలేదు. ఆ ఏడాది మార్చి నుండి "బ్లాక్ అండ్ టాన్స్" అని జనం పిలిచిన అదనపు పోలీసులు ఐర్లండులో దిగారు. వారిలో చాలమంది యుద్ధం నుండి వచ్చిన మాజీ సిపాయిలే. ఇళ్ళు తగులబెట్టడం, కొట్టడం, కాల్చడం వారి పద్ధతి. క్లేర్ జిల్లావాడైన జోసెఫ్ హాస్ అనే సిపాయి 1919లో సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు, ఊరివారి ఆటను సైనికులు బాయినెట్లు చూపి ఆపించడం కన్నులారా చూశాడు. తానూ అదే దుస్తులు వేసుకొన్నవాడు.

జూను 28 ఉదయం హాస్, గోగర్టీ, స్వీనీ, లాలీ అనే నలుగురు కాపలా గదికి వెళ్ళి, ఐర్లండులో జరుగుచున్న దానికి నిరసనగా ఇక సైన్యంలో పనిచేయము, మమ్ములను బంధించండి అని చెప్పారు. తమను తామే అప్పగించుకొన్న ఈ పద్ధతి గమనార్హము. అంతలో పరేడుకు నిలిచిన ఇతరులు కూడ వచ్చి వారితో చేరారు. కొద్ది గంటలలో బారకాసులు వారి చేతికి వచ్చాయి. చేరినవారిలో కొందరు ఇంగ్లీషువారు కూడ ఉన్నారు.

దళాధిపతి కర్నల్ డీకన్ వచ్చి, పటాలం గెలిచిన యుద్ధాల పేర్లన్నీ వరుసగా చదివి, కన్నీళ్ళతో బ్రతిమాలాడని సిపాయిల వాఙ్మూలాలు చెబుతున్నాయి. పటాలపు జెండా మీద కుట్టిన ఆ పేర్లు సిపాయికి వంశవృక్షం వంటివి. హాస్ తరువాతి కాలంలో చెప్పినదాని ప్రకారం, ఆ గౌరవాలన్నీ ఇంగ్లండుకు వచ్చినవే గాని ఐర్లండుకు వచ్చినది ఒక్కటీ లేదని, ఈ రోజు చేసేదే అటువంటి మొదటిది అవుతుందని అతడు బదులిచ్చాడు. మాట తరువాత పదును పెట్టబడి ఉండవచ్చు. చాలా ఏళ్ళ తరువాత చెప్పిన వాఙ్మూలాలను ఆ గంటలో పలికిన మాటలుగా తీసుకొనరాదన్నది చరిత్ర విద్యార్థికి మొదటి పాఠం. అయినను ఆ రోజు వాదన దేనిని గూర్చి జరిగినదో ఇందులో తెలుస్తుంది. జీతాన్ని గూర్చి కాదు, ఎండను గూర్చి కాదు. జెండా మీది పేర్లు ఎవరివి అన్నదాని గూర్చి.

బజారులో గుడ్డ కొని ఆకుపచ్చ, తెలుపు, నారింజ రంగుల జెండాను కుట్టించి ఎగురవేశారు. ఒక సంఘాన్ని ఎన్నుకొన్నారు, కాపలాలు పెట్టుకొన్నారు. సైన్యపు క్రమశిక్షణను వదలిన వారు దానిని వెంటనే తమలో తాము మళ్ళీ కట్టుకొన్నారు. రెండు మూడు రోజులలో ఇతర పటాలాలు వచ్చి చుట్టుముట్టగా జలంధరువారు రక్తపాతం లేకుండ లొంగిపోయారు. లొంగిన తరువాత ఒక అధికారి తుపాకులు ఎక్కుపెట్టించిన క్షణంలో పటాలపు కథోలిక గురువు సిపాయిలకు, తుపాకులకు మధ్య వచ్చి నిలిచాడని వారు చెప్పుకొన్నారు.

భారతీయ పాఠకులకు సహజంగా కలిగే ప్రశ్న ఒకటున్నది. జలియన్‌వాలా బాగ్‌కు ఏడాది తరువాత, అదే బ్రిగేడు ఊరిలో జరిగిన ఈ తిరుగుబాటులో భారతదేశం కొరకు ఏమైన ఉన్నదా? ఐర్లండులో బ్రిటిష్ వారు చేయుచున్నదే మేము ఇక్కడ చేయుచున్నాము అన్న భావం హాస్ తరువాతి మాటలలో ఉన్నది. అది నిజమైన పశ్చాత్తాపమే కావచ్చు. కాని 1920లో వారు పెట్టిన కోరిక ఐర్లండును గూర్చినది మాత్రమే. పంజాబును గూర్చి ఒక్క మాట లేదు. మన జాతీయోద్యమంతో వారికి చేయి కలిపించాలన్న ఉబలాటం ఈమధ్య కొన్ని రచనలలో కనిపిస్తుంది. దానికి ఆధారం చాలదని మా అభిప్రాయం. అలా కలపకపోయినంత మాత్రాన వారి త్యాగానికి లోటు రాదు.

సోలను, డగ్షాయి

జలంధరు నుండి ఇద్దరు సిపాయిలు వార్త పట్టుకొని సోలనుకు వెళ్ళారు. అక్కడ నాయకుడుగా నిలిచినవాడు జేమ్స్ డేలీ. గాల్వే జిల్లాలో పుట్టి వెస్ట్‌మీత్ జిల్లా టిరెల్స్‌పాస్‌లో పెరిగినవాడు, వయస్సు 20. ఇక్కడ కూడ మొదట ఆయుధాలు వారి చేతిలోనే ఉన్నాయి. కథోలిక గురువు ఫాదర్ బేకర్ నచ్చజెప్పగా తుపాకులను ఆయుధాగారంలో పెట్టుటకు ఒప్పుకొన్నారు.

జూలై 1 రాత్రి మనసు మారింది. ఎందుకు మారిందన్న విషయంలో వాఙ్మూలాలు ఒక్కటిగా లేవు. డేలీ వెంట కొన్ని పదుల మంది, బాయినెట్లు మాత్రమే పట్టుకొని, తుపాకులు తిరిగి తీసుకొనుటకు ఆయుధాగారం మీదికి వెళ్ళారు. కాపలావారు కాల్చారు. మేయో జిల్లావాడు పీటర్ సియర్స్, డ్రోహెడావాడు పాట్రిక్ స్మిత్ చనిపోయారు. మరొకడు గాయపడ్డాడు. జుటోగ్ మాత్రం కదలలేదు.

ఫాదర్ బేకర్ చేసిన పనిని ఎలా చూడాలి? తుపాకులు లోపల పెట్టించి ఆయన సిపాయిలను నిరాయుధులను చేశాడు, చనిపోయినవారు అందుచేతనే చనిపోయారు అనవచ్చు. తుపాకులు వారి చేతిలోనే ఉండి ఉంటే ఆ రాత్రి ఇరువైపుల ఎన్ని శవాలు లేచేవో అని కూడ అనవచ్చు. మేము రెండవ వైపే మొగ్గుతాము. అయితే సైన్యపు జీతం తీసుకొనే గురువు శాంతి మాట చెప్పినప్పుడు వినేవాడు అందులో గురువును ఎంత వింటాడు, సైన్యాన్ని ఎంత వింటాడు అన్న ప్రశ్న దానితో తీరదు. పై అధికారులకు లోబడుమన్న 13వ అధ్యాయమూ, ఏదియు వేరుచేయలేని ప్రేమను గూర్చిన 8వ అధ్యాయమూ ఒకే పత్రికలో ఉన్నాయి. జలంధరులో తుపాకుల ముందు నిలిచిన గురువు, సోలనులో తుపాకులు దింపించిన గురువు తమ తమ స్థలాలలో ఆ రెండింటినీ ఒకేసారి మోయవలసి వచ్చింది.

ఈ ఘటన జరిగిన వారం రోజులకు, జూలై 8న, లండను పార్లమెంటులో డయ్యర్‌ను గూర్చి చర్చ జరిగింది. వందలమంది నిరాయుధులను చంపించిన వానికి ఉద్యోగం పోవడమే శిక్ష. తిరుగుబాటు సిపాయిలను సోలను దగ్గర డగ్షాయి చెరసాలకు చేర్చి, కోర్టుమార్షల్ ముందు నిలబెట్టారు. పలువురికి మరణశిక్ష, మరెందరికో దీర్ఘకాల ఖైదు విధించారు. డేలీ తప్ప మిగిలినవారి మరణశిక్షలను యావజ్జీవంగా మార్చారు. ఆయుధాగారం మీద జరిగిన దాడికి నాయకుడన్నది అతనిపై నేరం. ఆ రాత్రి చనిపోయిన ఇద్దరూ అతనివైపువారే. తెల్ల సిపాయిని క్షమిస్తే రేపు తిరగబడిన భారతీయ సిపాయిని ఏ ముఖంతో చంపగలము అన్న లెక్క కూడ సైన్యాధికారులలో ఉన్నదని చరిత్రకారులు గుర్తించారు. అట్లయితే డేలీ మరణంలో భారతదేశానికి ఒక పాత్ర ఉన్నట్లే, అతడు కోరినది కాకపోయినా.

తల్లికి వ్రాసిన చివరి ఉత్తరంలో డేలీ తనను కాల్చబోవుచున్న తేదీ చెప్పి, ఇది ఐర్లండు కొరకేనని, చావుకు భయపడుట లేదని, తన చింత అంతా ఆమెను గూర్చేనని వ్రాశాడు. 1920 నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగనాడు, డబ్లినులో కెవిన్ బారీ అనే 18 ఏళ్ళ విద్యార్థిని ఉరితీశారు. మరునాడు, కథోలికులు మృతులను స్మరించే దినమున, డగ్షాయి చెరసాల ఆవరణలో డేలీని కాల్చారు. బారీ పేరు ఆ రోజే దేశమంతటా పాకింది. డేలీ పేరు చేరుటకు చాలా దూరం, చాలాకాలం పట్టింది.

జెండాలు, సమాధులు

1921 డిసెంబరు ఒడంబడికతో ఐర్లండులో అధిక భాగం వేరుపడింది. ఆ భాగంలో సిపాయిలను చేర్చుకొనే పటాలాల అవసరం బ్రిటిష్ సైన్యానికి తీరింది. 1922 జూను 12న విండ్సర్ కోటలో అయిదు ఐరిష్ కాల్బల పటాలాల జెండాలను అయిదవ జార్జి రాజు అందుకొన్నాడు. జూలై 31తో అవి రద్దయ్యాయి. "వేరుచేయువాడెవడు?" అన్న మాట కన్నాట్ జెండాతో పాటు కోటగోడకు చేరింది.

అదే రోజున అప్పగించిన డబ్లిన్ ఫ్యూజిలియర్స్ పటాలానికి మన తెలుగు దేశంతో సంబంధమున్నది. దాని మూలము మద్రాసు యూరోపియన్ రెజిమెంటు. 1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి దగ్గర, విజయనగరం ఆనంద గజపతి పక్షాన ఫ్రెంచివారితో పోరాడిన కంపెనీ సేనలో అది ఉన్నది. "కాండోర్" అన్న పేరుతో ఆ యుద్ధం వారి గౌరవాల పట్టికలో చేరింది. మన గోదావరి మండలపు పొలాల పేరు ఒక డబ్లిను పటాలపు కీర్తిగా మారిన ఈ సంగతి విన్నప్పుడు హాస్ అడిగినట్లు చెప్పే ప్రశ్న మరొక వైపు నుండి మనకూ వస్తుంది.

ఖైదీలు 1923 జనవరిలో ఇంగ్లండు జైళ్ళ నుండి విడుదలై స్వతంత్ర రాజ్యంగా మారిన దేశానికి వచ్చారు. ఊరేగింపులు జరిగాయి గాని ఉద్యోగాలు దొరకలేదు. బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవారన్న మచ్చ ఒకవైపు, ఆ సైన్యం వెళ్ళగొట్టినవారన్న మచ్చ మరొకవైపు. వారికి పింఛను ఇచ్చుటకు ప్రత్యేక చట్టం రావడానికి 1936 వరకు పట్టింది. ఆ పింఛను కొరకు పెట్టిన దరఖాస్తులే నేడు ఈ చరిత్రకు ప్రధాన ఆధారాలలో ఒకటి. ఆకలితో వ్రాసిన వాఙ్మూలాలు అవి. ఎక్కడ ధైర్యం ఎక్కువ చేసి చెప్పారో, ఎక్కడ భయాన్ని దాచారో ఎరిగి చదవవలసినవి. ఒక మాట మాత్రం చెప్పవచ్చు. గొప్పలు చెప్పుకొనుటకు వ్రాసినవాడు సాధారణంగా తన ఇంటి అద్దె సంగతి వ్రాయడు.

1970లో ఐర్లండు ప్రభుత్వం సమాధులను త్రవ్వించి మూడు శవపేటికలను స్వదేశానికి తెప్పించింది. డేలీని టిరెల్స్‌పాస్‌లోను, సియర్స్, స్మిత్‌లను డబ్లినులోని గ్లాస్‌నెవిన్ శ్మశానంలోను తిరిగి పాతిపెట్టారు. డగ్షాయి చెరసాల ఇప్పుడు ప్రదర్శనశాల.

నాలుగవవాడు జాన్ మిరాండా. ఐర్లండు కొరకు జరిగిన ఈ తిరుగుబాటులో చేరి, శిక్షపడి, డగ్షాయి చెరసాలలోనే జబ్బుపడి చనిపోయినవాడు. 1970లో తెచ్చిన పేటికలలో అతనిది లేదు. అతని ఊరు ఇంగ్లండులోని లివర్‌పూల్.